ఆగిన కౌంట్‌డౌన్లు

మద్రాసు సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ ప్లాట్‌ఫారాల నుంచి సూళ్ళూరుపేట పోయే లోకల్ బండి ఎక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే, గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటాక తడ వస్తుంది. సరిహద్దు ఎక్కడ దాటామో బండి చెప్పదు. స్టేషను బోర్డు మీద అక్షరాల వరస మారితేనే తెలుస్తుంది. 1953 దాకా ఇదంతా ఒకే రాష్ట్రం. అవతలివాళ్ళకి మన ఊరు పట్నం, మనకి వాళ్ళ ఊళ్ళు చుట్టాలిళ్ళు. బండికి కుడిపక్కన, కొంచెం దూరాన, ప్రళయ కావేరి. మ్యాపుల్లో పులికాట్ సరస్సు అనీ, తమిళంలో పళవేర్కాడు అనీ రాస్తారు. స.వెం.రమేశ్ గారి ‘ప్రళయ కావేరి కథలు’ చదివినవాళ్ళకి ఆ నీటి గురించి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య మిగిలిన నేల శ్రీహరికోట.

రాకెట్లు రాకముందు ఆ దీవి మన పట్నానికి వంటచెరకు పంపే అడవి. బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో కట్టెలు దిగుమతి అయ్యేవి. మన తాతమ్మలు అన్నం వండిన పొయ్యిల్లో కాలినవాటిలో శ్రీహరికోట కట్టె ఎంతో కొంత ఉండే ఉంటుంది. అడవిని నమ్ముకుని బతికినవాళ్ళు యానాదులు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంపిక చేశారు. యానాదులు దీవి వదిలి ఇవతలి గట్టుకి రావలసి వచ్చింది. ఈ కథలో ‘ఆపు’ అని చెప్పే అవకాశం మొదట లేకపోయింది వాళ్ళకే. అది వేరే వ్యాసం, రాయవలసినవాళ్ళు రాయాలి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్, రోహిణి-125, లేచింది. తూర్పున అడ్డులేని సముద్రం, భూమధ్యరేఖకి దగ్గరతనం, దగ్గర్లో పెద్ద పట్నం, ఇవీ ఆ చోటుని ఎంచుకోవడానికి కారణాలు.

అప్పటినుంచి అక్కడ ఎగిరినవాటి చరిత్ర చాలామంది రాశారు. ఫొటోలతో, బొమ్మలతో, పిల్లల పుస్తకాల్లో కూడా ఉంది. నేను రాయదలచుకున్నది ఆగినవాటి గురించి. ఇంకా చెప్పాలంటే, ఆపిన యంత్రాల గురించీ, ఆ యంత్రాలకి ఆపడం నేర్పిన ఇంజనీర్ల గురించీ. కంట్రోల్స్ ఇంజనీర్లు, ఆటోమేషన్ ఇంజనీర్లు అంటారు వాళ్ళని. రాకెట్‌ను రూపొందించినవాళ్ళ పేర్లు పత్రికల్లో పడతాయి, వీళ్ళవి పడవు.

నేను ఇంజనీరుని కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమస్తాగా చేరి, పరీక్షలు రాసి ఆఫీసరునైనవాణ్ణి. మరి ఈ గొడవ నాకెందుకంటే, ఉద్యోగరీత్యా సూళ్ళూరుపేట దగ్గరి ఒక శాఖలో మూడేళ్ళు పనిచేశాను. దీవిలో పనిచేసేవాళ్ళు కొందరు మా ఖాతాదారులు. పైగా బ్యాంకుల్లో మా తరం చేసిన ప్రయాణమూ ఇలాంటిదే. 1984లో డాక్టర్ సి.రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో కంప్యూటర్ల గురించి నివేదిక ఇచ్చింది. నేను చేరేనాటికి లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు అక్కడక్కడా వచ్చాయి. చేత్తో రాసిన లెడ్జరు మూసి తెర ముందు కూర్చున్నవాడికి, యంత్రం ‘కుదరదు’ అన్నప్పుడు మనిషికి ఎలా ఉంటుందో బాగా తెలుసు.

ముందు మన ఊరి సంగతి. పల్లావరం దాటి తాంబరం వైపు పోతుంటే క్రోంపేట వస్తుంది. అక్కడి తోళ్ళ కంపెనీ పేరు మీద వెలిసిన పేట అది. 1949లో సి.రాజం అనే పారిశ్రామికవేత్త తన సొంత ఇల్లు అమ్మి, అక్కడ మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని స్థాపించారు. ఇల్లు అమ్మి పెళ్ళి చేసినవాళ్ళని చూశాం గాని ఇల్లు అమ్మి కాలేజీ కట్టినవాళ్ళు అరుదు. మిగతా కాలేజీలు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చెబుతున్న రోజుల్లో ఇక్కడ విమానాలు, మోటారు వాహనాలు, ఎలక్ట్రానిక్స్ చెప్పారు. వాటితోపాటు నాలుగోది ఇన్‌స్ట్రుమెంట్ టెక్నాలజీ. అంటే కొలిచే పరికరాలూ, ఆ కొలతనిబట్టి యంత్రాన్ని అదుపు చేసే పద్ధతులూ. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్ళయినా కాని దేశంలో, కొలవడం అనేది ఒక ప్రత్యేక చదువని గుర్తించిన దూరదృష్టికి నేను ఎప్పుడూ ఆశ్చర్యపోతుంటాను. 1978లో ఆ కాలేజీ అన్నా విశ్వవిద్యాలయంలో కలిసింది. అబ్దుల్ కలాం, తర్వాతి తరంలో కె.శివన్, ఇద్దరూ అక్కడ విమాన శాస్త్రం చదివినవాళ్ళే. ఈ వ్యాసంలో ఇద్దరూ మళ్ళీ వస్తారు.

ఇంతకీ కంట్రోల్ అంటే ఏమిటి? నాలాంటి వాణిజ్యశాస్త్రం మనిషికి అర్థమైన పద్ధతిలో చెబుతాను. ఖాతాదారుడు ప్రతినెలా అయిదో తేదీన అద్దె కట్టమని బ్యాంకుకి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇస్తాడు. ఇల్లు ఖాళీ చేసినా, ఇల్లే కూలిపోయినా బ్యాంకు అద్దె కడుతూనే ఉంటుంది. మన మొదటి ఉపగ్రహ వాహకం ఎస్ఎల్‌వి-3 దారి చూసుకున్నది ఇలాగే. ఫలానా క్షణంలో ఇంత వంగు, ఫలానా క్షణంలో ఇంత వంగు అని ముందే రాసిపెట్టిన పట్టీ ఒకటి దానిలో ఉండేది. ఆ వంపు తప్పకుండా రాకెట్‌ను నిలబెట్టే అదుపు వ్యవస్థ ఉంది గాని, తాను అసలు ఎక్కడున్నానో చూసుకుని దారి మార్చుకునే తెలివి దానికి లేదు. దీన్ని ఓపెన్ లూప్ అంటారు. రెండో పద్ధతి క్లోజ్డ్ లూప్. రోజూ సాయంత్రం క్యాష్ లెక్కపెట్టి, పుస్తకంతో సరిచూసి, తేడా ఉంటే తేల్చుకున్నాకే ఇంటికి వెళ్ళడం. రాకెట్‌లో ఆ టాలీ సెకనుకి ఎన్నోసార్లు జరుగుతుంది, ఇంటికి వెళ్ళడం ఉండదు.

ఎస్ఎల్‌వి-3 చిన్న రాకెట్. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు అంచెలు, అన్నిట్లోనూ ఘన ఇంధనమే. ఘన ఇంధనం గురించి ఒక్క ముక్క గుర్తుంచుకోవాలి, ఈ వ్యాసం అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఒకసారి అంటించాక దాన్ని ఆర్పలేం. దీపావళి చిచ్చుబుడ్డి లాంటిది. అందుకని అంటించేముందే అన్నీ చూసుకోవాలి. మనుషుల కళ్ళకి, చేతులకి ఆ వేగం చాలదు. కాబట్టి ఆఖరి నిమిషాల్లో అధికారం కంప్యూటర్ చేతికి పోతుంది. ఒత్తిళ్ళు, ఉష్ణోగ్రతలు, కవాటాలు, బ్యాటరీలు అన్నీ వరసగా అడుగుతూ పోతుంది. ఒక్క జవాబు తేడా వచ్చినా గడియారాన్ని ఆపుతుంది. దీన్నే హోల్డ్ అంటారు.

1979 ఆగస్టు 10. ఎస్ఎల్‌వి-3 మొదటి ప్రయోగం, ప్రాజెక్టు డైరెక్టరు కలాం. చివరి నిమిషాల్లో కంప్యూటర్ గడియారాన్ని ఆపింది. అదుపు వ్యవస్థలో ఏదో భాగం సరిగా లేదని తెర మీద చూపించింది. కలాం ఈ సంగతి తర్వాతి జీవితంలో ఎన్నో సభల్లో దాచుకోకుండా చెప్పారు. పక్కనున్న నిపుణులు లెక్కలు చూసి, నిల్వ చాలినంత ఉంది, పరవాలేదు అన్నారు. ఆయన కంప్యూటర్‌ను పక్కకు పెట్టి ప్రయోగానికి ఆజ్ఞ ఇచ్చారు. ఉదయం 7 గంటల 58 నిమిషాలకి రాకెట్ లేచింది. మొదటి అంచె బాగా పనిచేసింది. రెండో అంచెలో అదుపు తప్పింది. 317 సెకన్ల తర్వాత శ్రీహరికోటకి 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో పడింది.

తర్వాత జరిగిన విచారణలో తేలింది ఇది. రెండో అంచెని నిలబెట్టే అదుపు వ్యవస్థలో ఆక్సిడైజర్‌గా నైట్రిక్ ఆమ్లం వాడారు. ప్రయోగానికి ఎనిమిది నిమిషాల ముందు ఇచ్చిన మొదటి ఆజ్ఞతో ఒక సోలినాయిడ్ కవాటం తెరుచుకుంది. మలినం అడ్డుపడటంతో మళ్ళీ సరిగా మూసుకోలేదు. ఆమ్లం కారిపోయింది. రెండో అంచె తనను తాను నిలబెట్టుకోవలసిన సమయానికి చేతిలో ఏమీ మిగలలేదు.

ఈ కథలో మనందరికీ తెలిసింది రెండో సగం. ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ పత్రికలవాళ్ళ ముందుకి తానే వెళ్ళి వైఫల్యాన్ని తన నెత్తిన వేసుకున్నారు. 1980 జులై 18న రెండో ప్రయోగం నెగ్గి 35 కిలోల రోహిణి కక్ష్యలోకి చేరినప్పుడు, పత్రికలవాళ్ళతో మాట్లాడే గౌరవం కలాంకి ఇచ్చారు. నాయకత్వం గురించిన శిక్షణ తరగతుల్లో, మా బ్యాంకు శిక్షణ కాలేజీలో కూడా, ఈ కథ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పడం మంచిదే. నాకు వెలితిగా తోచేది మొదటి సగాన్ని ఒక్క వాక్యంలో దాటేయడం. ఆ పొద్దున ఆ గదిలో ‘వద్దు’ అని చెప్పిన యంత్రం ఉంది. దానికి ఆ మాట నేర్పినవాళ్ళున్నారు. వాళ్ళు తమ పనిని సరిగా చేశారు. ఆ సంగతి ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

నిపుణుల్ని తప్పుపట్టడం కూడా అంత సులువు కాదు. వాళ్ళు కళ్ళు మూసుకుని పోనిమ్మనలేదు, లెక్క వేసే చెప్పారు. ఎంత కారింది, ఎంత మిగిలింది అని లెక్క. కారడం ఆగిపోయిందా, ఇంకా సాగుతోందా అన్నది వేరే లెక్క. క్యాష్‌లో తేడా వచ్చినప్పుడు మాకూ ఇదే చిక్కు. పోయిన మొత్తం ఎంతో తేల్చుకుని ఊపిరి పీల్చుకుంటాం, పెట్టె చిల్లు పడే ఉందా అన్నది తర్వాత తోస్తుంది.

తర్వాత వచ్చిన ఏఎస్ఎల్‌వి రెండుసార్లు విఫలమైంది, 1987 మార్చి 24న, 1988 జులై 13న. దానిలో పక్క బూస్టర్లు ముందు మండి, అవి ఆరిపోయే వేళకి మధ్య మోటారు అంటుకోవాలి. మొదటిసారి మధ్య మోటారు అంటుకోనే లేదు. రెండోసారి ఒకటి ఆరి మరొకటి అందుకునే సంధికాలంలో అదుపు చాలలేదు. పత్రికలు చాలా వెక్కిరించాయి, సముద్రానికి అర్పణం అని కార్టూన్లు కూడా వేశారు. అందులోంచి వచ్చిన మార్పుల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. మధ్య మోటారుని గడియారం చూసి కాకుండా, బూస్టర్ల ఊపు నిజంగా తగ్గడం పసిగట్టి అంటించారు. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పోయి ఖాతా చూసి చెల్లించే పద్ధతి వచ్చిందన్నమాట. 1992 మే 20న అది నెగ్గింది. 1993 సెప్టెంబరు 20న మొదటి పీఎస్ఎల్‌వి పడిపోవడానికి గల కారణాల్లో అదుపు సాఫ్ట్‌వేర్‌లోని లోపం ఒకటి. మరుసటి ఏడాది అక్టోబరు 15న అదే రాకెట్ నెగ్గి, ఆ తర్వాత దేశానికి నమ్మకమైన బండి అయింది.

ఇక 2001. మార్చి 28. బ్యాంకువాళ్ళకి మార్చి నెలాఖరు అంటే ఏమిటో ఇంట్లో బ్యాంకు ఉద్యోగి ఉన్న పాఠకులకి తెలుసు. వడ్డీ లెక్కలు, బ్యాలెన్సింగ్, పై ఆఫీసు నుంచి ఫోన్లు. ఆ మధ్యాహ్నం మాత్రం శాఖంతా మేడ ఎక్కింది. ఖాతాదారులు కూడా మాతోనే ఎక్కారు. జీఎస్ఎల్‌వి మొదటి ప్రయోగం అది. 49 మీటర్ల ఎత్తు, 400 టన్నుల బరువు, రష్యా నుంచి తెచ్చిన క్రయోజెనిక్ అంచె. తూర్పున తాటిచెట్ల మీదుగా చూస్తూ నిలబడ్డాం. సమయం అయింది. ఏమీ లేవలేదు. శబ్దమూ రాలేదు. కింద టీకొట్టు టీవీ దగ్గర ఉన్న కుర్రాడు అరిచాడు, “ఆగిపోయిందంట సార్! మంట వచ్చి ఆగిపోయిందంట!” అందరం కిందికి దిగి మళ్ళీ వడ్డీ లెక్కల్లో పడ్డాం. మా హెడ్ క్యాషియర్ గారు మాత్రం, “కోట్ల రూపాయలండీ, మన పన్నులండీ” అని సాయంత్రం దాకా బాధపడ్డారు.

లోపల జరిగింది వేరు. జీఎస్ఎల్‌వి మధ్య మోటారు ఘన ఇంధనంది, 125 టన్నులు. దాని చుట్టూ నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లు, ఒక్కొక్కటి 40 టన్నుల ఇంధనంతో. ద్రవ ఇంజన్ని కొళాయి కట్టినట్టు ఆపవచ్చు, ఘనాన్ని ఆపలేం. అందుకని సుమారు అయిదు సెకన్ల ముందు నాలుగు ద్రవ ఇంజన్లని అంటిస్తారు. రాకెట్ కదలదు, దాని బరువుని ఆ నాలుగూ ఎత్తలేవు. ఆ అయిదు సెకన్లలో కంప్యూటర్ నాలుగింటి ఊపునీ కొలుస్తుంది. నాలుగూ సరిగా ఉంటేనే మధ్యది అంటించే ఆజ్ఞ పోతుంది. ఆ రోజు మూడు బూస్టర్లు సరిగా ఉన్నాయి, నాలుగోది తన ఊపుని అందుకోలేదు. లేవడానికి ఒక్క సెకను ముందు కంప్యూటర్ నాలుగింటినీ ఆపేసింది. అడుగున చిన్న మంట రేగితే ఆర్పారు. నాలుగు వందల టన్నుల రాకెట్, దాని తలమీద ఉపగ్రహం, చెక్కుచెదరకుండా పీఠం మీదే నిలబడి ఉన్నాయి.

అది లేచి ఉంటే? ఒక పక్క ఊపు తక్కువై, ఒరిగి, ఆ ప్రయోగ వేదిక మీదే పడి ఉండవచ్చు. మనిషి చెయ్యి ఆ సెకనులో ఏ మీట దగ్గరికీ చేరలేదు. మనిషి ఆలోచన కూడా చేరలేదు. ఆ నిర్ణయం కొన్ని నెలల ముందే, ఏదో ఒక గదిలో, ‘ఊపు ఇంతకు తగ్గితే ఆపు’ అని రాసినవాడు తీసుకున్నది. 21 రోజులకి, ఏప్రిల్ 18న, అదే రాకెట్‌ను బాగుచేసి మళ్ళీ నిలబెట్టి ప్రయోగించారు. మా మేడ మీంచి చూశాం. జీశాట్-1 అనుకున్న కక్ష్యకి పూర్తిగా చేరలేదన్నది నిజమే. కాని రాకెట్ ఎగిరింది.

ఆ తర్వాత ఒకరోజు కొడుకు కాలేజీ ఫీజుకి డి.డి. తీయించుకోవడానికి మా ఖాతాదారు ఒకాయన వచ్చాడు. దీవిలో కంట్రోల్స్ విభాగంలో పని. నెమ్మదస్తుడు, ఆఫీసు సంగతులు బయట మాట్లాడే మనిషి కాదు.

“ఏం సార్, ఆ రోజు మమ్మల్ని ఊరికే మేడెక్కించి దింపారే,” అన్నాను నవ్వుతూ.

“ఆ రోజు మా పని బాగా జరిగింది సార్. ఎవరితో చెప్పినా నమ్మరు గాని,” అన్నాడు.

డి.డి. తయారయ్యేలోగా కాస్త మాట్లాడాడు. మా స్ట్రాంగ్ రూము వైపు చూపించి, “దానికి రెండు తాళాలు కదా సార్ మీకు?” అని అడిగాడు. అవును, జాయింట్ కస్టడీ. ఒక తాళంచెవి క్యాషియర్ దగ్గర, ఒకటి ఆఫీసరు దగ్గర. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. “మేము చేసేదీ అదే. కాకపోతే మాకు రెండు తాళాలు కాదు, వందలు. ఏ ఒక్కరు రాకపోయినా తలుపు తెరుచుకోకూడదు.” దాన్ని ఇంటర్‌లాక్ అంటారన్నాడు. ఇంకో మాట చెప్పాడు, అది నాకు బాగా నచ్చింది. “కొలిచే తీగ తెగిపోయిందనుకోండి సార్, అప్పుడు మాకు ఏ కబురూ రాదు. కబురు రాలేదంటే ‘బాగుంది’ అని అర్థం చేసుకోకూడదు. ‘బాగాలేదు’ అనే అనుకోవాలి. తీగ తెగినా ఆగేటట్టు రాయాలి.” మరి ఊరికే ఆగుతూ ఉంటే ఎలా అంటే, ముఖ్యమైన చోట మూడు కొలత పరికరాలు పెట్టి, ఏ రెండు ఒప్పుకుంటే దాని మాట వింటాం అన్నాడు. పంచాయితీ పద్ధతే. డి.డి. పుచ్చుకుని, నంబరు రెండుసార్లు చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక నాకు మా బ్యాంకు లోకం గుర్తొచ్చింది. మా కంప్యూటర్లలో మేకర్, చెకర్ అని ఇద్దరుంటారు. ఒకరు నమోదు చేస్తే మరొకరు పాస్ చేయాలి. అది కూడా ఇంటర్‌లాకే. అంతకుముందు నేను పనిచేసిన ఒక శాఖలో మేనేజరు గారు తన పాస్‌వర్డుని చీటీ మీద రాసి కౌంటర్ల దగ్గర ఇచ్చేవారు. “పని ఆగకూడదయ్యా” అనేవారు. పని ఆగలేదు నిజమే. రెండేళ్ళ తర్వాత ఆడిట్‌లో బయటపడినప్పుడు, ఏ ఎంట్రీ ఎవరు పాస్ చేశారో చెప్పగలిగినవాడు శాఖలో ఒక్కడు లేడు. నష్టం పెద్ద మొత్తమేం కాదు. కాని ఒక గుమస్తా, తాను చేయనిదానికి, ఏడాదిపాటు సంజాయిషీలు రాస్తూ కూర్చున్నాడు.

ఇలాంటివి మన దేశానికే పరిమితం అనుకోనక్కరలేదు. 1965 డిసెంబరు 12న అమెరికాలో జెమిని-6 రాకెట్ ఇంజన్లు అంటుకుని, ఒక సెకను దాటీ దాటగానే ఆగిపోయాయి. పైన ఇద్దరు మనుషులున్నారు, వాలీ షిరా, థామస్ స్టాఫర్డ్. రాకెట్ అడుగున ఒక ప్లగ్ ముందుగా ఊడిపోవడంతో యంత్రం ఇంజన్లని ఆపింది. రాకెట్ నిజంగా లేచిందేమో, మళ్ళీ కింద పడి పేలుతుందేమో అని భయపడి వాళ్ళు బయటికి ఎగిరిపోయే మీట లాగవచ్చు. షిరా లాగలేదు. తర్వాత వెతికితే ఇంజన్లో, తయారీ సమయంలో తీయడం మరిచిన ధూళిమూత ఒకటి దొరికింది. ప్లగ్ ఊడకపోయినా అది ఇంజన్ని దెబ్బతీసేదే. మూడు రోజులకి అదే రాకెట్ ఎగిరింది. యంత్రం ఆపిందనీ తెలిసి, తన శరీరంతోనూ కనిపెట్టి కదలకుండా కూర్చున్న ఆ మనిషి అంటే నాకు గౌరవం.

1996 జూన్ 4న యూరప్‌వాళ్ళ మొదటి ఏరియన్-5 లేచిన 37 సెకన్లకి దారి తప్పి పేలింది. కారణం వింటే బ్యాంకు గుమస్తా నవ్వుతాడు, తర్వాత ఏడుస్తాడు. 64 బిట్ల గడిలో ఉన్న ఒక అంకెని 16 బిట్ల గడిలోకి రాయబోయారు, పట్టలేదు. లక్షల దాకానే గీతలున్న పాత లెడ్జరులో కోట్ల మొత్తం రాయడం లాంటిది. ఆ సాఫ్ట్‌వేర్ అంతకుముందు ఏరియన్-4లో చక్కగా పనిచేసినదే. ఆ పాత రాకెట్లో ఆ అంకె అంత పెద్దది కాలేదు. కొత్త రాకెట్ వేగంగా ఒరిగింది, అంకె గడి దాటింది. సాయంగా పెట్టిన రెండో కంప్యూటర్‌లో కూడా అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ అదే తప్పు చేసింది. జాయింట్ కస్టడీ తాళాలు రెండూ ఒకే నమూనావి అన్నమాట.

1986 జనవరి 28 నాటి ఛాలెంజర్ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలుసు. ఏడుగురు పోయారు. ముందు రాత్రి, చలిలో ఘన బూస్టర్ల రబ్బరు సీళ్ళు పనిచేయకపోవచ్చని, వాటిని తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లే వద్దన్నారు. పై అధికారులు వాళ్ళ మాట తోసిపుచ్చారు. ఆ సీలు చల్లదనాన్ని అడిగే తాళం కౌంట్‌డౌన్‌లో లేదు. మనుషులే ఆ తాళం అయ్యారు, ఆ తాళాన్ని పగలగొట్టారు.

మళ్ళీ మన గట్టుకి వద్దాం. 2013 ఆగస్టు 19న జీఎస్ఎల్‌వి-డి5, ఈసారి మనం సొంతంగా తయారుచేసుకున్న క్రయోజెనిక్ అంచెతో, వేదిక మీద నిలబడింది. అంతకుముందు 2010లో జీఎస్ఎల్‌వి రెండుసార్లు పోయింది కాబట్టి అందరి కళ్ళూ దీనిమీదే. ప్రాజెక్టు డైరెక్టరు క్రోంపేటలో చదివిన శివన్, కేంద్రం డైరెక్టరు మన తెలుగువారు ఎం.వై.ఎస్.ప్రసాద్. గంటా పద్నాలుగు నిమిషాల ముందు రెండో అంచెలో ఇంధనం కారుతోందని తేలింది. ప్రయోగం ఆపేశారు. మూడు దశాబ్దాల కిందట ఇదే దీవిలో వేసిన లెక్క, నిల్వ చాలుతుందా అన్న లెక్క, ఎవరూ వేయలేదు. రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్ళి విప్పారు. ఇంధనపు టాంకు లోహంలో పగులు. ఆ అంచె మొత్తాన్ని తీసేసి, టాంకుకి వేరే అల్యూమినియం మిశ్రమం వాడిన కొత్త అంచె పెట్టారు. 2014 జనవరి 5న సాయంత్రం అది లేచి జీశాట్-14ను సరిగా కక్ష్యలో పెట్టింది. క్రయోజెనిక్ తయారీలో ఇరవై ఏళ్ళ శ్రమ ఆ రోజు ఒడ్డెక్కింది.

2019 జులై 15న చంద్రయాన్-2. అర్ధరాత్రి దాటాక ప్రయోగం, చూడటానికి రాష్ట్రపతి కూడా వచ్చారు. 56 నిమిషాల 24 సెకన్ల ముందు గడియారం ఆగింది. ఇప్పుడు ఇస్రో అధ్యక్షుడు అదే శివన్. రాష్ట్రపతి గ్యాలరీలో ఉండగా ‘ఈ రోజు కుదరదు’ అనడం ఎలాంటిదో, ఛైర్మన్ గారు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినరోజు క్యాష్ తేడా రాసిన హెడ్ క్యాషియర్‌ని అడగాలి. జులై 22న లేచింది.

నేను కళ్ళారా దగ్గర్నుంచి చూసింది 2023 అక్టోబరు 21నాటిది. అప్పటికి అక్కడ ప్రజలు కూర్చుని చూడటానికి గ్యాలరీ కట్టారు. నేనూ మా తమ్ముడి కొడుకూ తెల్లవారుజామునే పట్నం నుంచి బయల్దేరాం. మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం, ప్రమాదం వస్తే వాళ్ళ గదిని రాకెట్ నుంచి తప్పించే ఏర్పాటుని పరీక్షించే ప్రయోగం అది. ఎనిమిదింటికి అన్నారు, వాతావరణం బాగాలేదని ఎనిమిదిన్నర అన్నారు, తర్వాత ఎనిమిదీ ముప్పావు అన్నారు. అయిదు సెకన్లు ఉండగా ఆగింది. గ్యాలరీ అంతా ‘అయ్యో’ అంది. అధ్యక్షుడు సోమనాథ్ మైకులో, ఇంజన్ అనుకున్నట్టు అంటుకోలేదనీ, వాహనం క్షేమంగా ఉందనీ, చూసి చెబుతామనీ అన్నారు. మావాడు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు, ఆటోమేషన్ మీద మోజు.

“పెదనాన్నా, ఇంటికి పోదామా?” అన్నాడు.

“కూర్చోరా. అసలు పని ఇప్పుడే జరుగుతోంది,” అన్నాను.

కొంతమంది లేచి వెళ్ళిపోయారు. మేము తెచ్చుకున్న ఇడ్లీలు విప్పాం. లోపం ఎక్కడో కనిపెట్టి సరిచేశారు. సరిగ్గా పదింటికి అది లేచింది. పైన గది రాకెట్ నుంచి విడిపోయి, పారాచూట్లు విచ్చుకుని, సముద్రంలో తలకిందులుగా దిగింది. నౌకాదళంవాళ్ళు దాన్ని నీళ్ళలోంచి తీసి, మన చెన్నై రేవుకి తెచ్చి దింపారు.